పాత ఇంజిన్‌కు పెద్ద కార్బురేటర్ పెడితే ఉరుకుతుందా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే: పెద్ద కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) పెట్టాం, బండి ఉరుకుతుందనుకుంటే ఉన్న పికప్పూ పోయింది, ఇప్పుడేం చేయాలి? కింద చెప్పిన మార్పులు ఏవైనా ఒకసారికి ఒక్కటే చేయండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు. జవాబుల్లో రిచ్ అంటే పెట్రోలు ఎక్కువైందని, లీన్ అంటే గాలి ఎక్కువైందని.

ప్రశ్న: మా బామ్మర్ది అమెరికాల ఉంటడు. 1932 ఫోర్డు బాడీల షెవర్లే 350 ఇంజన్ ఎక్కిచ్చి హాట్ రాడ్ చేసుకుంటుండు. 750 సీఎఫ్ఎమ్ హోలీ కార్బురేటర్ కొంటనంటున్నడు, 600 సరిపోతదని నేనంటున్న. వీడియో కాల్ల చూసుకుంట సెట్టింగ్ నేనే చెప్పాలె. ఎవరి మాట నిజం?
— ఒక మెకానిక్, కరీంనగర్

మీ మాటే నిజం. సీఎఫ్ఎమ్ అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి పోతుందో ఆ అంకె. లెక్క చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 350 ఘనపు అంగుళాలను 5,500 ఆర్‌పీఎమ్‌తో (నిమిషానికి తిరిగే చుట్లు) గుణించి 3,456తో భాగిస్తే 557 వస్తుంది. ఘనపు అడుగుకు 1,728 ఘనపు అంగుళాలు, దానికి రెండింతలు 3,456. ఇది సిలిండర్లు నూటికి నూరు నిండితే పట్టే గాలి. రోడ్డు మీద తిరిగే ఇంజిన్‌లో 85 శాతం నిండితే మంచి ఇంజిన్ కిందే లెక్క. అంటే నిమిషానికి 473 ఘనపు అడుగులు. 600 పెట్టినా చేతిలో ఇంకా మిగులు ఉంటుంది. అదే ఇంజిన్ 750 పూర్తిగా వాడుకోవాలంటే, నూరు శాతం నిండినా 7,400 ఆర్‌పీఎమ్ దాకా తిరగాలి. మామూలు క్యామ్ షాఫ్టుతో (వాల్వులను తెరిచే కడ్డీ), మామూలు వాల్వు స్ప్రింగులతో ఆ స్పీడు రాదు.

పెద్దది పెడితే నష్టమేంటని ఆయన అడుగుతారు. కార్బురేటర్‌లో పెట్రోలును పైకి లాగేది గాలి వేగం. వెంచురీ దగ్గర దారి సన్నబడుతుంది. అక్కడ గాలి ఎంత జోరుగా పోతే ఒత్తిడి అంత పడిపోతుంది, ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు ఆ లోటులోకి ఎగదన్నుకొస్తుంది. దారి వెడల్పు చేస్తే తక్కువ స్పీడులో గాలి నింపాదిగా పోతుంది, పెట్రోలు ఆలస్యంగా వస్తుంది, వచ్చింది కూడా సన్నటి తుంపరగా కాకుండా చుక్కలుగా పడుతుంది. రేసు తొక్కగానే ఇంజిన్ గుటక వేసి ఆగినట్టయ్యేది అందుకే. రోడ్డు మీద బండి ఎక్కువసేపు ఉండేది 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎమ్ మధ్యలోనే, కొనేటప్పుడు చూడాల్సింది ఆ మధ్యభాగమే.

గేరుబాక్సు ఆటోమేటిక్ అయితే వాక్యూమ్ సెకండరీల 600 తీసుకోమనండి. ఇంజిన్ అడిగినప్పుడే వెనక రెండు నోళ్లు, అంటే సెకండరీలు, తెరుచుకుంటాయి కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. డబుల్ పంపర్ అనే మెకానికల్ రకం తేలికైన బండికి, చేతి గేర్లకు, జోరుగా తిప్పే క్యామ్‌కు.

సెట్టింగ్‌కు ముందు టైమింగ్ లైటు పట్టించండి. ఈ ఇంజిన్‌కు వాక్యూమ్ అడ్వాన్స్ పైపు పీకి చూస్తే మొత్తం అడ్వాన్స్ (స్పార్కు ఎంత ముందుగా పడుతుందో ఆ కొలత) 34 నుంచి 36 డిగ్రీలుండాలి. టైమింగ్ వెనకబడిన ఇంజిన్‌కు ఎన్ని జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు మరలు) మార్చినా వృథా. పెట్రోలు ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉండాలి, 7 దాటకూడదు. దాటితే ఫ్లోటు సూది ఆపలేదు, పొంగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా గిన్నె పక్కనున్న సైట్ ప్లగ్గు విప్పితే పెట్రోలు రంధ్రం అంచు దాకా రావాలి, బయటికి కారకూడదు.

ఎక్కువమంది వదిలేసేది ట్రాన్స్‌ఫర్ స్లాట్. ఇంజిన్ మీద బిగించకముందే కార్బురేటర్ తిరగేసి చూడమనండి. ముందరి థ్రాటిల్ బ్లేడు (రేసు తొక్కితే తెరుచుకునే రేకు) కింద సన్నటి నిలువు చీలిక ఉంటుంది. ఐడిల్ స్క్రూతో (రేసు తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, అంటే ఐడిలింగ్, కుదిర్చే మర) బ్లేడును ఎంత తెరవాలంటే, బ్లేడు కింద కనిపించే చీలిక ముక్క వెడల్పు ఎంతో పొడవూ అంతే, చిన్న చతురస్రంలా కనబడాలి. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఐడిలింగ్ పెట్రోలు చీలికలోంచే వస్తుంది. అప్పుడు మిక్చర్ స్క్రూలు ఎంత తిప్పినా ఇంజిన్ పలకదు, రేసు తొక్కినప్పుడు అందాల్సిన పెట్రోలు ముందే ఖర్చయి ఉంటుంది.

మిక్చర్ స్క్రూలు రెండూ మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టాలి. వాక్యూమ్ గేజి తగిలించి, ముల్లు ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ ఆపాలి. రెండు వైపులా సమానంగా తిప్పాలి. ఐడిల్ వాక్యూమ్ 12 అంగుళాలు దాటితే కంపెనీ ఇచ్చిన 6.5 పవర్ వాల్వు (బరువు పడినప్పుడు అదనపు పెట్రోలు వదిలేది) ఉంచేయొచ్చు. 12 కన్నా తక్కువైతే చూపిన అంకెలో సగం నంబరు వాల్వు వేయాలి. ఆటోమేటిక్ బండిలో బ్రేకు తొక్కి, డ్రైవ్‌లో పెట్టి చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. రేసు పూర్తిగా తెరిచినప్పుడు యాక్సిలరేటర్ పంపు లివరు ఇంకా 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) కదిలేంత సందు ఉండాలి, లేకపోతే డయాఫ్రం చిరుగుతుంది.

సెకండరీలు తెరుచుకుంటున్నాయో లేదో చూడటానికి వాటి డయాఫ్రం కాడకు ఒక పేపర్ క్లిప్పు తగిలించి, రోడ్డు మీద గట్టిగా లాగించి రమ్మనండి. క్లిప్పు ఎంత కిందికి జరిగిందో అంత తెరుచుకున్నట్టు. అసలు జరగకపోతే తేలిక స్ప్రింగు వేయాలి, తెరుచుకునేటప్పుడు బండి తడబడితే గట్టిది. తెల్లది అన్నిటికన్నా తేలిక, నల్లది అన్నిటికన్నా గట్టి. మెయిన్ జెట్లు చిట్టచివర, రెండేసి నంబర్ల చొప్పున మార్చాలి. ఫుల్ రేసులో గాలి–పెట్రోలు నిష్పత్తి 12.5, 12.8 మధ్యలో పడితే ఆపేయండి.

ప్రశ్న: పాత ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వీ8 మీద రెండు స్ట్రోంబర్గ్ 97 కార్బురేటర్లు కనిపిస్తాయి. వాటిని జత కలిపేదెలా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాజీపేట

ఈ వీ8 1932లో 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్ పవర్‌తో వచ్చింది, తర్వాత 239కి పెరిగింది. 97 వెంచురీ అంగుళంలో 31/32 వంతు, అంటే 0.97 అంగుళం. జత కలిపేటప్పుడు ముందు రెండింటి మధ్య లింకు ఊడదీయాలి. గాలి మీటరుతో ఐడిలింగ్‌లో రెండూ ఒకే అంకె చూపేలా థ్రాటిల్ స్క్రూలు తిప్పాలి, ఆ తర్వాతే లింకు ఏ బలమూ లేకుండా దానంతట అది అమరేలా పొడవు సరిచేసి బిగించాలి. లింకును లాగి బిగిస్తే ఒక కార్బురేటర్ ముందే తెరుచుకుంటుంది. ఫ్లోటు లెవెల్ పై అంచు నుంచి 15/32 అంగుళం. పెట్రోలు ప్రెషర్ రెండున్నర పీఎస్‌ఐ చాలు, 3 దాటనివ్వకూడదు. ఇప్పటి ఎలక్ట్రిక్ పంపులు నేరుగా తగిలిస్తే పొంగి పొర్లుతుంది, రెగ్యులేటర్ తప్పదు.

ప్రశ్న: నా దగ్గర పాత బుల్లెట్ 350 ఉన్నది. ఆన్‌లైన్ల 32 మిమీ ఫ్లాట్ స్లైడ్ కార్బురేటర్ తెప్పిచ్చి పెట్టిన. రేసు ఇయ్యంగనే కార్బురేటర్లకెంచి తుమ్ముతది, 70 దాటితే వేడెక్కుతది. జెట్లు ఏం నంబర్లు ఎయ్యాలె?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జెట్ల కన్నా ముందు సైజు మాట. 346 సీసీల ఈ ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చింది 24 మిమీ నోరున్న మిక్‌కార్బ్ కార్బురేటర్. దీని అన్న 500 సీసీ బుల్లెట్‌కు ఇచ్చింది 28. ఐదు వందల సీసీకి 28 చాలినప్పుడు మీ ఇంజిన్‌కు 32 ఎందుకు? హెడ్డు, వాల్వులు, క్యామ్ ముట్టుకోని 350కి 26 బాగుంటుంది, 28 ఆఖరు. 32 అమ్మేసి 28 మిమీ రౌండ్ స్లైడ్ తెచ్చుకోమని మా సలహా. జెట్లు, సూదులు, స్లైడులు విడిగా దొరికే రకమే కొనండి. అచ్చం అలాగే కనిపించే నకిలీల్లో జెట్టు మీద ఒక నంబరుంటే రంధ్రం ఇంకో సైజుంటుంది.

కొత్తది బిగించే ముందు ట్యాపెట్లు, పాయింట్ల సందు 0.35–0.40 మిమీ, ప్లగ్గు సందు 0.5 మిమీ సరిచేయండి. ఇన్‌లెట్ మ్యానిఫోల్డు అంచును అద్దం మీద పరిచిన ఎమరీ కాగితంపై రుద్ది చదును చేయండి. స్టడ్లు అతిగా బిగించడంతో ఆ అంచు వంగిపోయి ఉంటుంది, గాలి అక్కడి నుంచే దొంగతనంగా దూరుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ అతుకు మీద కార్బ్ క్లీనర్ కొద్దిగా చల్లితే ఐడిలింగ్ మారిందంటే లీకు ఉన్నట్టే. చల్లేటప్పుడు సైలెన్సర్ వేడి మీద పడకుండా చూసుకోండి.

ఇక ట్యూనింగ్. రేసు పిడి మీద, దాని పక్కన హ్యాండిల్ మీద తెల్ల టేపు అంటించి, మూసిన చోటు నుంచి ఫుల్ దాకా 1/8, 1/4, 1/2, 3/4 గీతలు పెట్టండి. 1/8 దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూది పెత్తనం. 1/8 నుంచి 1/4 దాకా స్లైడు కటవేది, అంటే గాలి దారిలో పైకీ కిందికీ జరిగే స్లైడు అడుగున కోసిన వంపుది. 1/4 నుంచి 3/4 దాకా సూది, నీడిల్ జెట్టుది. ఆ పైన మెయిన్ జెట్టుది. ఏ గీత దగ్గర ఇబ్బందో చూస్తే ఏ భాగం మార్చాలో తెలిసిపోతుంది. ఇది చూడకుండా ప్రతి రోగానికీ మెయిన్ జెట్టు మార్చడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు, దయచేసి మానుకోండి.

మెయిన్ జెట్టుతో మొదలుపెట్టండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ రేసులో పోతూ కొంచెం వెనక్కి తిప్పండి. బండి ముందుకు దూకితే జెట్టు చిన్నది. బరువుగా, బొబ్బొబ్బొ అంటూ పోతుంటే పెద్దది. తర్వాత ఇంజిన్ వేడి మీద ఎయిర్ స్క్రూ తిప్పి, ఐడిలింగ్ అన్నిటికన్నా పెరిగిన చోటు చూడండి. ఈ కార్బురేటర్‌లో స్క్రూ గాలి వైపు ఉంటుంది కాబట్టి లోపలికి తిప్పితే రిచ్. ఆ చోటు ఒక చుట్టు కన్నా లోపలుంటే పైలట్ జెట్టు ఒక నంబరు పెంచాలి, రెండున్నర చుట్లు దాటితే తగ్గించాలి. మీరు చెప్పిన తుమ్ము ఎక్కువగా 1/8 నుంచి 1/4 మధ్యలో వచ్చే లీన్ లక్షణం. దానికి తక్కువ నంబరు కటవే ఉన్న స్లైడు వేయాలి, 3.0 ఉంటే 2.5. నంబరు తగ్గితే రిచ్. చివరికి సూది: క్లిప్పు ఒక గాడి కిందికి వేస్తే సూది పైకి లేచి రిచ్ అవుతుంది.

ప్లగ్గు చూడాలంటే ఫుల్ రేసులో కొంతదూరం పోయి, క్లచ్ నొక్కి, అదే క్షణంలో ఇంజిన్ ఆపేసి ప్లగ్గు విప్పాలి. మెల్లగా ఇంటికి వచ్చి చూస్తే కనిపించేది ఐడిలింగ్ రంగే. పాత పుస్తకాల్లో చెప్పే ముదురు ఇటుక రంగు సీసం కలిపిన పెట్రోలు నాటిది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాక పింగాణీ చివర దాదాపు తెల్లగానే ఉంటుంది. పింగాణీ లోపల, అడుగున సన్నటి గోధుమ రంగు ఉంగరం కనిపిస్తే చాలు.

ప్రశ్న: ఆర్‌ఎక్స్ 100కి 28 మిమీ కార్బురేటర్, ఓపెన్ ఫిల్టర్ పెట్టిన. చలికాలం పొద్దుగాల డ్యూటీకి పోతుంటె పిస్టన్ జామైంది. బోరు కొట్టిపిచ్చిన, మళ్ల జామైంది.
— ఒక పాఠకుడు, గోదావరిఖని

పోర్టులు ముట్టుకోని 98 సీసీ ఇంజిన్‌కు 28 చాలా పెద్దది. కంపెనీది 20 మిమీ. 24తో ఆగండి. ఫిల్టరు డబ్బా తీసేస్తే గాలి పెరిగి బండి ఒక్కసారిగా లీన్ అవుతుంది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్‌ను చల్లబరిచే వాటిలో పెట్రోలూ ఒకటి. అది తగ్గితే పిస్టన్ వేడెక్కి జామవుతుంది. ఓపెన్ ఫిల్టర్ ఉంచితే మెయిన్ జెట్టు గట్టిగా పెంచి మొదలుపెట్టి, బండి బరువుగా పోయే దశ నుంచి ఒక్కో నంబరు కిందికి రండి. కింది నుంచి పైకి ఎప్పుడూ వెళ్లొద్దు.

చలికాలం పొద్దున్నే ఎందుకంటే, చల్లగాలి చిక్కగా ఉంటుంది. మన ఎండల్లో 44 డిగ్రీల మధ్యాహ్నం సరిగ్గా కుదిర్చిన బండి, 10 డిగ్రీల పొద్దున 5–6 శాతం లీన్ అవుతుంది. అందుకని ఆఖరి జెట్టింగ్ డిసెంబరు, జనవరి పొద్దుట చూసుకోవాలి. ఎండాకాలం కొంచెం రిచ్‌గా నడిచినా ఇంజిన్‌కు ప్రమాదం లేదు.

బోరు చేయించినా మళ్లీ జామైందంటే క్రాంక్ సీళ్లు చూపించండి. మ్యాగ్నెటో వైపు సీలు పోతే గాలి దూరి లీన్ అవుతుంది, రేసు వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిల్ పీల్చి తెల్లటి పొగ వస్తుంది. ఆటోల్యూబ్ నూనె పైపులో గాలి బుడగలు లేవని కూడా చూసుకోండి. బొగ్గు దుమ్ము ఉండే మీ ప్రాంతంలో వైరు జాలీ ఫిల్టరు పనికిరాదు. నూనె రాసిన స్పాంజి ఫిల్టరు వాడి, వారానికోసారి కడగండి.

ప్రశ్న: మా బాపు కొన్న పాత పెట్రోల్ సీజే–3బీ జీపు ఉన్నది. ఎండకాలం నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కంగ ఆగిపోతది, చల్లారితే స్టార్ట్ అయితది. సోలెక్స్ కార్బురేటర్ తీసి వెబర్ 32/36 కార్బురేటర్ పెట్టుమంటున్నరు.
— ఒక పాఠకురాలు, నిర్మల్

వెబర్ పెట్టినా ఘాటులో ఆగిపోవడం తగ్గదమ్మా. అది వేపర్ లాక్. పైపులోనే పెట్రోలు ఆవిరై, పంపు ఆవిరిని నెట్టలేక ఆగిపోతుంది. ఆగినప్పుడు పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేయండి. కాసేపట్లో స్టార్ట్ అయితే రోగం అదేనని తేలిపోయినట్టు. పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పించి, దగ్గరగా పోక తప్పని చోట వేడి తగలని తొడుగు వేయించండి. కార్బురేటర్ కింద మందపాటి బేకలైట్ ప్యాకింగ్ ఉండాలి, ఎవరో తీసేసి కాగితం ప్యాకింగ్ వేశారేమో చూడండి. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే ఆగుతుంది: ఆగగానే మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది.

ఇక వెబర్ సంగతి. మీది హరికేన్ ఇంజిన్, 134 ఘనపు అంగుళాలు. 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర, 75 శాతం నిండినా పట్టేది 116 సీఎఫ్ఎమ్ మాత్రమే. ఒక నోటి కార్బురేటర్ దీనికి ధారాళంగా సరిపోతుంది. వెబర్‌లో రెండో నోరు మొదటిది మూడింట రెండు వంతులు తెరుచుకున్నాక గానీ కదలదు కాబట్టి మరీ చెడిపోదు గానీ, పెట్టిన డబ్బుకు లాభం కనిపించదు. పైగా ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్ మ్యానిఫోల్డు విడిగా ఉండదు, హెడ్డుతోనే పోత పోసి ఉంటుంది. కాబట్టి అడాప్టర్ ప్లేటు చేయించాలి, బానెట్ ఎత్తు చూసుకోవాలి, రేసు లింకు మార్చాలి.

ఆ డబ్బులో కొంత పెట్టి ఉన్న సోలెక్స్‌నే బాగు చేయించండి. థ్రాటిల్ కాడను పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. ఊగుతుంటే దాని చుట్టూ గాలి దూరి, ఐడిలింగ్ నిలవదు. ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ల చేత ఇత్తడి బుష్షులు వేయించి రీమరు చేయిస్తే సరిపోతుంది. బ్లేడు విప్పే ముందు ఏ అంచు ఏ వైపుందో గీత పెట్టుకోమనండి, తిరగేసి బిగిస్తే సరిగ్గా మూసుకోదు. ఐడిల్ మిక్చర్ కుదర్చడానికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట మిషన్ వాడుకోండి. ఇంత పాత జీపుకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం. 2 దగ్గర నిలిపితే ఇంజిన్ నునుపుగా తిరుగుతుంది, సర్టిఫికెట్టూ వస్తుంది.

ప్రశ్న: 1960ల నాటి కారుకు వేరే ఇంజిన్ ఎక్కిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
— ఒక పాఠకుడు, జనగామ

రాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ‘వీఏ’ వరుస నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. మామూలు రిజిస్ట్రేషన్ బండికైనా ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రశ్న: ఈ20 పెట్రోలు వచ్చినంక పాత బండ్లు లీన్ అయితున్నయంటరు. జెట్టు ఎంత పెంచాలె?
— ఒక పాఠకుడు, జగిత్యాల

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిపిన ఈ20కి 13.5 దాకా వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం సుమారు 8–9 శాతం ఎక్కువ పోవాలి. సోలెక్స్ జెట్టు నంబరు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది కాబట్టి 125 తీసి 130 వేస్తే 8 శాతం పెరిగినట్టే. రంధ్రం వైశాల్యం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది మరి. హెక్స్ రకం మికుని జెట్ల నంబరు పారుదలను చెబుతుంది, అక్కడ 100కు బదులు 107.5 లేదా 110 వేయాలి. పైలట్ జెట్టు కూడా ఒక నంబరు పెంచాల్సి రావొచ్చు. కంపెనీ సెట్టింగే కొంచెం రిచ్‌గా ఉన్న బండ్లు ఉంటాయి, అందుకని ప్లగ్గు చూడకుండా మార్చకండి. జెట్టును డ్రిల్లుతో పెంచడం, ఇనుప తీగతో పొడవడం వద్దు. రంధ్రం అంచు గీరుకుపోతే నంబరుకు అర్థం ఉండదు. అడ్డుపడితే కార్బ్ క్లీనరు, గాలి, మరీ మొండికేస్తే నైలాన్ గాలం దారం వాడండి.

ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, కార్కు ఫ్లోటు మీది వార్నిష్‌ను కరిగిస్తుంది. పైపులు ఇథనాల్‌కు ఆగే రకం వేయించండి. కార్కు ఫ్లోటు ఉంటే ఇత్తడిది వేయించండి. వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు తేమ పీలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి, కార్బురేటర్‌లో తెల్లటి బూజులాంటి పొర కడుతుంది. నెలకు మించి ఆపే బండికి ట్యాంకు నిండుగా ఉంచి, ఫ్లోటు గిన్నె ఖాళీ చేయండి. బుల్లెట్, ఆర్‌ఎక్స్‌లలో డ్రెయిన్ స్క్రూ విప్పితే చాలు, అది లేకపోతే పెట్రోలు కుళాయి మూసి ఇంజిన్ ఆగేదాకా నడవనివ్వండి. జీపులోనైతే పంపు నుంచి కార్బురేటర్‌కు వచ్చే పైపు విప్పి, కొనకు బిరడా పెట్టి, గిన్నెలో మిగిలినంత అయిపోయేదాకా ఐడిలింగ్‌లో వదిలేయండి.